పరదేశమున ప్రజాసేవ: దలీప్ సింగ్ సౌంద్ జీవితము

(గ్రంథాలయ సభయందు చేసిన యుపన్యాసము)



సముద్రము దాటి పోయి ధనము గడించినవారి కథలు మనకు క్రొత్తవి కావు. ప్రతి పట్టణమునను అట్టివారు పదిమంది గలరు. వారి మేడలను చూపి మన పిల్లలకు బుద్ధులు చెప్పుచుందుము. ఈ సాయంకాలము నేను చెప్పదలచినది అట్టి కథ కాదు. ఒక దేశమున ఇరువది తొమ్మిది సంవత్సరములు నివసించి, చెమటోడ్చి, పన్నులు కట్టి, ఆ దేశమున ఓటునకు గాని భూమికి గాని హక్కు లేక నిలిచిన యొక పంజాబీ రైతు, పౌరసత్వము లభించిన యేడేండ్లకే ఆ దేశపు శాసనసభలో ఆసీనుడైన వృత్తాంతము చెప్పెదను. ఆయన పేరు దలీప్ సింగ్ సౌంద్. వృత్తిచేత నేను న్యాయవాదిని గనుక, ఆయన జీవితముతోపాటు ఆయనకు అడ్డు నిలిచిన చట్టములను గుఱించియు, ఆ చట్టములు మాఱిన విధమును గుఱించియు కొంత విన్నవించుకొందును. నేటి సభలో మనము గ్రహింపవలసినది అక్కడనే యున్నదని నా నమ్మకము.

సౌంద్‌గారు 1899 సంవత్సరము సెప్టెంబరు 20వ తేదీని అమృతసరము జిల్లాలోని ఛజ్జల్‌వాడి యను పల్లెలో జన్మించిరి. తల్లిదండ్రులకు అక్షరము రాదు. కాని చదువు విలువ యెఱిగినది వారే. ఊరిలో బడి లేకపోగా, తండ్రియు పినతండ్రులును కలిసి తమ సొమ్ముతో ఒక గది బడి యొకటి పెట్టించిరి. తమ పిల్లలకు మాత్రమే పంతులును కుదుర్చుకొనుటకు వారికి శక్తి గలదు. అట్లు చేయక ఊరందఱి పిల్లలకును బడి పెట్టిరి. ప్రజాసేవ యనునది పెద్ద సభలలో పుట్టునని మన మనుకొందుము. ఈ బాలునికి అది ఇంటి ముంగిటనే కనబడెను.

ఆ పిదప బాబా బకాలా యందలి వసతి పాఠశాలలోను, జమ్మూ నగరమందలి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ కళాశాలలోను చదివి, 1919లో పంజాబు విశ్వవిద్యాలయమునుండి గణితమున బి.ఏ. పట్టము పొందిరి. ఆ సంవత్సరము మాట చెప్పగానే మీ మనస్సులు ఎక్కడికి పోవునో నే నెఱుగుదును. 1919 ఏప్రిలు 13వ తేదీని జలియన్‌వాలా బాగులో డయ్యరు తుపాకులు ప్రేలినది సౌంద్‌గారి సొంత జిల్లా ముఖ్యపట్టణమునందే. ఆ నెత్తురు చూచిన తరమువారాయన. గాంధీమహాత్ముని మాటలు అప్పుడే దేశమంతట వ్యాపించుచుండెను. ఆ యువకుడు ఒక చేత గాంధీగారి రచనలను, మఱొక చేత అమెరికా అధ్యక్షుడగు లింకను ఉపన్యాసములను పట్టుకొనెను. ఈ యిద్దఱే తనకు దారి చూపినవారని ఆయన జీవితాంతము చెప్పుకొనిరి.

1920లో ఆయన ఇంగ్లండు మీదుగా న్యూయార్కు చేరి, అచ్చటనుండి రైలెక్కి పడమటి తీరమునందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు, బర్క్లీకి పోయిరి. తలచుకొని పోయినది గొప్ప కొలువు కాదు. పండ్లను చెడకుండ నిలువచేసి డబ్బాలలో పెట్టు విద్య నేర్చుకొని, స్వదేశమునకు మఱలి వచ్చి, మన మామిడిపండ్లతో అట్టి పరిశ్రమ నెలకొల్పవలెనని ఆయన సంకల్పము. సెలవులలో అచ్చటి పండ్ల డబ్బాల కర్మాగారములలో కూలికి పనిచేసిరి. క్రమముగా మనస్సు మఱల గణితము మీదికే పోయెను. 1922లో ఎం.ఏ., 1924లో డాక్టరు పట్టమును గణితమునందే సంపాదించిరి.

ఇచ్చట ఒక్క విషయము మఱువరాదు. బర్క్లీలో ఆయనకు తలదాచుకొన నీడ యిచ్చినది ఏ రాజో, ఏ జమీందారో కాదు. స్టాక్టన్ నగరమున 1912లో గురుద్వారమును నెలకొల్పిన పంజాబీ కూలీలు, విద్యార్థుల కొఱకు బర్క్లీలో ఒక యిల్లు నిలిపియుంచిరి. రైలుమార్గములు వేసినవారు, ఱంపపు మిల్లులలో దుంగలు మోసినవారు, ద్రాక్షతోటలలోను వరిమళ్లలోను నడుము వంచినవారు వారు. వారిలో అనేకులకు చేవ్రాలు చేయుట రాదు. అయినను తమ కూలిడబ్బులతో పరాయి తల్లుల బిడ్డలను చదివించిరి. 1913 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోనుండి "గదర్" పత్రిక వెలువడినప్పుడు దానిని నిలిపినదియు వీరి కష్టార్జితమే. మన తెలుగునాటినుండి 1912లో చదువుకొఱకు అచ్చటికి పోయి, ఆ పార్టీలో చేరి, పిదప చెఱసాలల పాలైన దరిశి చెంచయ్యగారి పేరు ఈ గ్రంథాలయపు చదువరులకు తెలియనిది కాదు. "నేనూ నా దేశం" అను ఆయన స్వీయచరిత్ర ఆ దినములకు సాక్షి.

ఇక చట్టముల మాట. 1917లో అమెరికా కాంగ్రెసు ఒక చట్టము చేసి, ఆసియా ఖండమున ఒక పెద్ద భాగమునకు గీత గీసి, ఆ గీతలోపలివారెవ్వరును కూలికై తమ దేశమునకు రాగూడదని శాసించెను. మన దేశము ఆ గీతలోపల నుండెను. విద్యార్థులకు మాత్రము మినహాయింపు గలదు. సౌంద్‌గారు ఆ మినహాయింపు సందులోనుండి లోపలికి పోయిన వారు. అంతకు పూర్వమే చేరియున్నవారి గతి యేమి? పౌరసత్వము పొందుటకు వారర్హులా? 1790 నాటి చట్టము "స్వతంత్రులగు తెల్లవారికి" మాత్రమే పౌరసత్వ మిచ్చెను. అంతర్యుద్ధానంతరము 1870లో ఆఫ్రికా సంతతివారికిని ఆ హక్కు చేర్చబడెను. మనవారు ఈ రెండు గుంపులలో దేనిలోనివారు?

ఈ ప్రశ్నను అమెరికా సుప్రీముకోర్టు ముందుంచినవారు భగత్ సింగ్ థిండుగారు. ఆయనయు అమృతసరము జిల్లావాడే. మొదటి ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యములో చేరిన సైనికుడు. ఆయన వ్యాజ్యమునకు మూడు నెలలు ముందు, 1922 నవంబరులో, ఓజావా యను జపానీయుని వ్యాజ్యమున అదే కోర్టు "తెల్లవాడనగా కాకేసియను జాతివాడు" అని చెప్పి ఆయనను త్రోసివేసెను. సరే, మన భాషలను జాతులను పరిశోధించిన పండితులు ఉత్తర భారతీయులను కాకేసియనులలోనే చేర్చియుండిరి. కావున థిండుగారికి జయము నిశ్చయమని పలువురు తలచిరి. 1923 ఫిబ్రవరి 19న తీర్పు వెలువడెను. పండితుల విభాగముతో పనిలేదనియు, సామాన్యుని వాడుకలో "తెల్లవాడు" అను మాటకు ఏ యర్థము గలదో అదియే చట్టమున కర్థమనియు, ఆ యర్థమున హిందూదేశీయుడు తెల్లవాడు కాడనియు కోర్టు ఏకగ్రీవముగా నిర్ణయించెను. మూడు నెలలక్రిందట శాస్త్రము ప్రమాణము. ఇప్పుడు వాడుక ప్రమాణము. గీటురాయి ఏదైనను ఫలితము మాత్రమొక్కటే. ఈ తీర్పు వ్రాసిన న్యాయమూర్తి సదర్లాండుగారు తామే ఇంగ్లండున పుట్టి పిల్లతనమున అమెరికాకు వలసపోయినవారు!

సోదరులారా, ఇచ్చట మనము పరులను దూషించి యూరకుండిన చాలదు. థిండుగారి పక్షమున చేయబడిన వాదమునుగూడ విప్పి చూడవలెను. తాను ఉన్నతకులస్థుడగు ఆర్యుడననియు, తన కులమువారు తమకంటె తక్కువవారితో సంబంధము కలుపుకొనరనియు, నీగ్రోను తెల్లవాడు ఎట్లు దూరముగ నుంచునో తామును అట్లే ఇతరులను దూరముగ నుంచుదుమనియు ఆ వాదమున చెప్పబడెను. అనగా, గోడ కూలవలెనని వారు కోరలేదు. గోడకు లోపలి వైపున తమకింత చోటు కావలెనని కోరిరి. కులమును చూపి మనుష్యత్వపు హక్కు అడిగిరి. న్యాయస్థానము ఆ కులమును లెక్కచేయలేదు. పరుల గర్వమునకు మన గర్వమును జామీనుగా నిలిపినచో వ్యాజ్యమును పోవును, మానమును పోవును. వృత్తిరీత్యా ఎన్నో తీర్పులు చదివితిని గాని, మనవారికి ఇంతటి చేదు పాఠము చెప్పిన తీర్పు మఱొకటి నేనెఱుగను.

ఆ తీర్పు ఫలితములు ఘోరములు. అంతకు పూర్వము పౌరసత్వము పొందిన భారతీయులనుండి అది లాగుకొనబడసాగెను. పెషావరునుండి వచ్చి శాన్‌ఫ్రాన్సిస్కోలో వ్యాపారము చేసికొనుచు, 1921లో పౌరుడైన వైష్ణోదాసు బగాయ్‌గారి హక్కు ఇట్లే ఊడెను. బ్రిటిషు పాలనను రోసి వచ్చిన ఆయన మఱల బ్రిటిషు ప్రజయై దేశము చూడబోవలసిన గతి పట్టెను. 1928లో ఆయన ఆత్మహత్య చేసికొనెను. కాలిఫోర్నియా భూచట్టములు పౌరసత్వమునకు అర్హులుకానివారు భూమి కొనగూడదనియు, కౌలునకుగూడ పుచ్చుకొనగూడదనియు నిషేధించెను. 1922 నాటి మఱొక చట్టము, అట్టి యనర్హుని పెండ్లాడిన అమెరికా స్త్రీ తన పౌరసత్వమునుగూడ కోల్పోవునని శాసించెను; అది 1931 వరకు తొలగలేదు. ఇట్టి దినములలో గణితశాస్త్ర డాక్టరు సౌంద్‌గారు విశ్వవిద్యాలయమునుండి వెలుపలికి వచ్చిరి.

ఆయన విద్యకు తగిన కొలువు దొరకలేదు. 1925లో, దక్షిణ కాలిఫోర్నియాలో మెక్సికో సరిహద్దునకు చేరువనున్న ఇంపీరియల్ లోయకు పోయిరి. అది సముద్రమట్టమునకు దిగువనుండు ఎడారి. కొలరాడో నది నీటిచే పంటభూమిగా మాఱినది. నీరు పాఱిన ఎడారి యన్నచో మన కాలువప్రాంతములవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆయన మొదట ప్రత్తి తీయు కూలీల ముఠాకు మేస్త్రీగా పనిచేసిరి. పిదప వెస్ట్‌మోర్లండ్ అను చిన్న ఊరిలో నిలిచి, లెట్యూసు అను ఆకుకూర మొదలగు పైరులు పెట్టిరి. భూమి కౌలు తన పేర వ్రాయించుకొనుటకు చట్ట మొప్పదు గనుక మిత్రుల పేరులపై వ్రాయించుకొనవలసి వచ్చెను. 1928లో మేరియన్ కోసాగారిని వివాహమాడిరి. ఆమె మధ్యయూరపునుండి వచ్చిన చెక్కు కుటుంబపు బిడ్డ. ముగ్గురు పిల్లలు కలిగిరి. 1930 తరువాతి ఆర్థికమాంద్యమున గడ్డి ధర పడిపోయి అప్పులపాలైరి. దివాలా తీయుడని మిత్రులు చెప్పినను వినక, ఏండ్లతరబడి శ్రమించి ఋణములు తీర్చిరి. ఊరివారు ఆయనను "డాక్" అని పిలిచెడివారు. డాక్టరనుటకు అది పొట్టిమాట. ఊరిలో ఆయన మాటకు విలువ కలిగినది ఈ అప్పు తీర్చిన నాటినుండియే యని నాకు తోచుచున్నది. వోట్లు పెట్టెలో పడుటకు చాల ముందు నమ్మకము బజారులో పుట్టును.

దున్నుచు ఆయన కలము విడువలేదు. కేథరీన్ మేయో అను అమెరికా స్త్రీ 1927లో "మదర్ ఇండియా" యను గ్రంథము వ్రాసి మన దేశమును లోకమున అపహాస్యము పాలు చేసినది మీకు తెలియును. దానికి ప్రత్యుత్తరముగ, స్టాక్టన్ గురుద్వారమువారి ప్రోత్సాహమున, సౌంద్‌గారు 1930లో "మై మదర్ ఇండియా" అను గ్రంథమును ప్రకటించిరి. అచ్చటి చర్చిలలోను క్లబ్బులలోను పిలిచిన చోటికెల్ల పోయి భారత స్వాతంత్ర్యమును గుఱించి ఉపన్యసించిరి. పగలు పొలము, రాత్రి పుస్తకము, ఆదివారము వేదిక.

ఇరువది యేండ్ల యోపిక తరువాత 1942లో కార్యము ఒక రూపము దాల్చెను. కాలిఫోర్నియా భారతీయులు "ఇండియా అసోసియేషన్ ఆఫ్ అమెరికా" అను సంఘమును స్థాపించి సౌంద్‌గారిని అధ్యక్షునిగ నెన్నుకొనిరి. ఈ మాఱు వారు కోర్టుకు పోలేదు. మేము ఆర్యులమనలేదు, మేము తెల్లవారమనలేదు. ఇచ్చట నివసించి శ్రమించు మనుష్యులమనియు, చట్టము చేసినవారే దానిని మార్చవలెననియు అడిగిరి. ఊరూర చందాలు పోగుచేసిరి. తూర్పుతీరమున న్యూయార్కులో జె.జె. సింగుగారి నాయకత్వమున ఇండియా లీగు పనిచేయుచుండెను. ప్రతినిధి సభలో క్లేర్ బూత్ లూస్ అను వనితయు ఇమాన్యుయేల్ సెల్లరుగారును బిల్లు ప్రవేశపెట్టిరి. ఆమె ఒక కక్షి, ఆయన వేఱొక కక్షి. 1946 జూలై 2న అధ్యక్షుడు ట్రూమను దానిపై సంతకము చేసెను.

ఆ చట్టమునందు ఏమున్నది? భారతీయులకు పౌరసత్వము పొందు హక్కు కలిగెను. మఱి వలసకో? సంవత్సరమునకు 100 మంది! ముప్పదికోట్లకు మించిన దేశమునకు నూఱు చోట్లు. ఇది భిక్షయని కొందఱనవచ్చును. ఒక విధముగ నిజమే. కాని ఆ సన్నని తలుపు తెఱవబడినందువలననే అచ్చటి రైతులు తమ పొలములను తమ పేర వ్రాయించుకొనగలిగిరి, ఓటు వేయగలిగిరి, భార్యాబిడ్డలను చేర్చుకొనగలిగిరి. ఆ నూఱుమంది గీత 1965 అక్టోబరులో చేసిన క్రొత్త చట్టముతో గాని తుడిచిపోలేదు. నేడు మన తెలుగు డాక్టర్లును ఇంజనీర్లును లక్షలకొలది అచ్చట కాపురమున్నారనగా, వారు నడచిన బాటకు తొలి చాలు దున్నినవారు స్టాక్టను కూలీలును ఇంపీరియల్ లోయ రైతులును అని వారి పిల్లలకు ఎవరైన చెప్పుచున్నారా?

1949 డిసెంబరు 16న సౌంద్‌గారు పౌరసత్వము పొందిరి. అప్పటికి వారి వయస్సు ఏబది సంవత్సరములు. ఆ వయస్సున మనలో ననేకులు పెన్షను లెక్కలు చూచుకొందుము. ఆయన మఱుసటి యేడే వెస్ట్‌మోర్లండ్ న్యాయాధిపతి పదవికి నిలిచి గెలిచిరి. ఆ దేశమున చిన్న న్యాయస్థానములకుగూడ ఎన్నికలు గలవు. కాని గెలిచిన నాటికి పౌరుడై ఒక సంవత్సరము నిండలేదను కారణమున ఆ పదవి ఆయనకు దక్కలేదు. ఆయన రచ్చ చేయలేదు, అలిగి యింట కూర్చుండలేదు. 1952లో మఱల నిలిచిరి, మఱల గెలిచిరి. ఆ దినములలో ఒకడు, మీరు న్యాయాధిపతి యైనచో కోర్టుకు వచ్చువారమందఱము తలపాగాలు చుట్టుకొని రావలెనా, ఆ పాగాలు మీరే యిత్తురా యని యెగతాళి చేసెను. తల మీద నేమున్నదో తన కక్కఱలేదనియు, తలలోపల నేమున్నదో అదియే తనకు కావలెననియు ఆయన నవ్వుచు బదులు చెప్పిరి. పీఠమెక్కిన పిదప, జూదమునకును వ్యభిచారమునకును మాదకద్రవ్యములకును పేరుపడిన ఆ యూరిని తన తీర్పులతో బాగుచేసిరి. జీవనమునకు ఎరువుల వ్యాపారము చేసికొనుచుండిరి.

1956లో రివర్‌సైడ్, ఇంపీరియల్ జిల్లాలనుండి అమెరికా ప్రతినిధి సభకు డెమోక్రాటిక్ కక్షి తరపున అభ్యర్థిగ నిలిచిరి. అది ఎదుటి కక్షివారు గట్టిగ పాతుకొనియున్న స్థానము. ప్రత్యర్థి సామాన్యురాలు కాదు: 1953లో ధ్వనివేగమును మించి విమానము నడపిన తొలి వనిత జాక్వెలిన్ కోక్రను, ఆమె భర్త కోటీశ్వరుడు. సౌంద్‌గారి సైన్యమో, భార్యయు పిల్లలును స్నేహితులును. ఇంటింటికి నడచి, ఓటర్ల పట్టికలో లేనివారి పేరులు చేర్పించి, తలుపు తట్టి మాటాడిరి. ఆయనకు అర్హత లేదని న్యాయస్థానమునకుగూడ పోయినవారు గలరు. రాజ్యాంగము ప్రకారము సభ్యుడు ఏడేండ్లు పౌరుడై యుండవలెను. ఎన్నిక జరిగిన నవంబరు నాటికి ఆయనకు ఏడేండ్లు నిండలేదు. కాని సభలో ప్రమాణము చేయవలసిన 1957 జనవరి 3వ తేదీ నాటికి ఏడేండ్లమీద పదునెనిమిది దినములయ్యెను. ఆ యాక్షేపణ నిలువలేదు. 1950లో గడువు ఆయనను వెలుపల నుంచెను; 1957లో ఆ గడువే ఆయనను లోపలికి పంపెను. చట్టమును ద్వేషింపక, తప్పించుకొనక, దాని యక్షరమును గౌరవించుచు దాని యన్యాయమును మార్చిన ధీరునికి లభించిన బహుమానమిది. ఆసియాలో పుట్టి, ఆ సభలో ఓటుహక్కు గల సభ్యుడైన మొదటివాడు ఆయనయే.

మొదటి తడవయందే విదేశవ్యవహారముల సంఘమున ఆయనకు స్థానమిచ్చిరి. 1957 చివర ఆసియా దేశములలో పర్యటించుచు, ముప్పదియేడేండ్ల పిదప తన పల్లెను చూచిరి. ఆ శరదృతువుననే లిటిల్ రాక్ అను పట్టణమున నల్లజాతి పిల్లలను పాఠశాలకు పోనీయక అల్లరులు జరిగియుండెను. మీ దేశమున ఇదియేనా ప్రజాస్వామ్యమని పోయిన చోటెల్ల ప్రశ్నించిరి. ఆయన దానిని కప్పిపుచ్చక, తన యెన్నికను మఱొక సాక్ష్యముగా చూపిరి. ఆ యేటి పౌరహక్కుల చట్టమునకు సభలో వారు అనుకూలముగ నుండిరి. విదేశములకిచ్చు సహాయము పాలకుల కోటలకును తుపాకులకును గాక పల్లెల ప్రజలకు చేరవలెనని వాదించిరి. 1958లోను 1960లోను మఱల గెలిచిరి. 1962 మే నెలలో పక్షవాతము వచ్చి మాట పడిపోయెను. ఆ యేటి ఎన్నికలో ఓడిరి. 1973 ఏప్రిలు 22న పరమపదించిరి. ఆయన తరువాత మఱొక భారతీయసంతతివాడు ఆ సభలో అడుగిడుటకు 2005వ సంవత్సరము రావలసి వచ్చెను. 2007లో ఆయన చిత్రపటమును వాషింగ్టనునందలి శాసనసభా భవనమున నిలిపిరి.

ఇప్పుడు మీలో కొందఱి మనస్సున నొక ప్రశ్న పుట్టియుండును. దేశము దాస్యమున మ్రగ్గుచుండగా దేశము విడిచి, తుదకు మఱొక దేశమునకే విధేయతా ప్రమాణము చేసిన వానిని దేశభక్తుడని యెట్లు కీర్తింతుము? మామిడిపండ్ల పరిశ్రమ పెట్టెదనని పోయినవాడు తిరిగి రానేలేదు గదా? ఈ ప్రశ్నను నేను తేలికగా తీసివేయను. ఇచ్చటనే యుండి లాఠీలు తిని చెఱసాలలకు పోయినవారి త్యాగమునకు సాటి వేఱొకటి లేదు. సౌంద్‌గారు ఆ త్యాగము చేసితినని యెన్నడును చెప్పుకొనలేదు. కాని దేశభక్తికి పరీక్ష ఎచ్చట నివసించితివని గాదు. నివసించిన చోట ఎట్లు నివసించితివని. తాను తినుచున్న అన్నము ఏ నేలదో ఆ నేలకు ఋణపడియుండుట మన ధర్మము. ఆయన అచ్చటి ఊరి ఋణము తీర్చిరి, పుట్టిన దేశపు గౌరవమును కాపాడిరి. ఒకదానికొఱకు మఱొకదానిని అమ్ముకొనలేదు.

ఈ జీవితమునుండి మనము గ్రహింపవలసినవి రెండు మాటలు విన్నవించి ముగించెదను.

మొదటిది, ప్రజాసేవకు మొదటి మెట్టు మన వీధి. ఆయన వాషింగ్టనుకు పోవుటకు ముందు ఇరువది యైదు సంవత్సరములు ఒక చిన్న ఊరిలో ఇరుగుపొరుగున మెలగిరి. పదవిలోని తొలి యడుగు ఆ యూరి చిన్న కోర్టు. మన యువకులో, పంచాయతీ సభకు పోవుటకు తీరిక లేదందురు గాని, దేశవిదేశముల రాజకీయములను తెల్లవార్లు చర్చింతురు. ఓటర్ల పట్టికలో తమ పేరున్నదో లేదో చూచుకొననివారు ఎందఱో! ఆ రైతు ఒక్క ఓటుకొఱకు ఇరువది తొమ్మిది సంవత్సరములు కాచుకొనెను. మనకు పుట్టుకతో వచ్చిన దానిని మనము ఎండకు వెఱచి మానుకొందుము.

రెండవది, మఱింత కష్టమైనది. పరదేశమున మనవానికి జరిగిన యన్యాయమును విన్నప్పుడు మన నెత్తురు ఉడికెను. మంచిదే. మఱి మన గుమ్మము ముందటి పరదేశీయుని సంగతి యేమి? ఒడిషానుండి కుటుంబములతో వచ్చి మన ఇటుకబట్టీలలో మట్టి పిసుకువారిని, బీహారునుండి వచ్చి మన మేడలు కట్టువారిని మనము ఏ కంటితో చూచుచున్నాము? వారి పిల్లలు ఏ బడికి పోవుచున్నారని ఎన్నడైన అడిగితిమా? వారి కూలి బాకీపడినప్పుడు వారి పక్షమున ఎవరు నిలిచిరి? ఊరిలో ఇల్లు అద్దెకిచ్చునప్పుడు నేటికిని కులమడుగుదుము. థిండుగారి వాదమును ఖండించుట సులభము; దానిని మన గుమ్మమునుండి వెడలగొట్టుట కష్టము. కాలిఫోర్నియా గోడ తప్పైనచో మన గోడయు తప్పే.

అక్షరము రాని ఇద్దఱు ముగ్గురు రైతులు ఛజ్జల్‌వాడిలో ఊరందఱి పిల్లలకు ఒక గది బడి పెట్టిరని మొదట చెప్పితిని. కూలీలు స్టాక్టనులో పరాయి బిడ్డలకు ఇల్లు నిలిపిరని చెప్పితిని. ఈ పట్టణపు బట్టీల దగ్గర కూలీల పిల్లలకొఱకు సాయంకాలపు బడి యొకటి ఈ గ్రంథాలయము పక్షమున తెఱువవలెనని నా ప్రార్థన. దానికి వలయునది ఒక గది, ఒక దీపము, వారమునకొక గంట ఇయ్యగల పదిమంది. వారమున ఒక సాయంకాలము నేను వచ్చెదను. తక్కిన తొమ్మండుగురు ఈ సభలోనే యున్నారని నమ్ముచున్నాను. సభ ముగిసిన పిదప కార్యదర్శిగారి యొద్ద మీ పేరులు వ్రాయింపుడు.